ఇంటికొకరు వస్తే చాలన్నది నేనే

నాకున్న జబ్బు పేరు నలుగురిలో చెప్పడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది. చెప్పినాక తెలిసింది, అదేమంత పెద్ద పని కాదని. ఎదుటి మనిషి ముఖం ఒక్క క్షణం బిగుసుకుంటుంది, నేను తాగిన కాఫీ లోటాను విడిగా పెడతారు, అంతే. నా నోటి సంగతి తెలిసినవాళ్లు అంతకు మించి సాహసం చేయరు. అందుకని ఇది నా ధైర్యం గురించి రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. నోరున్న మనిషినని జిల్లా అంతా పేరు తెచ్చుకొన్న నేను, ఒక్క ప్రశ్న అడగాల్సిన చోట అడగలేదు. ఆ నాలుగు నెలల గురించి రాస్తున్నాను. పేర్లన్నీ మార్చినాను, నాది కూడా. జబ్బు పేరు మాత్రం మార్చలేదు. హెచ్ఐవీ.

మా నాన్న కేజీఎఫ్ బంగారు గనుల ఆఫీసులో గుమాస్తా. గనులు మూసేసినాక కూడా పొద్దున ఎనిమిదికి ఇస్త్రీ చొక్కా తొడుక్కొని వాకిట్లో కూర్చొనేవాడు. నేను అక్కడే బీఏ చదివి ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరుగా చేరినాను. పెళ్లయినాక కోలారు పక్కన తమకలో కాపురం. మా ఆయన రమణ నరసాపురం వైపు ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మా ఇంట్లో తిండి, నిద్ర, పోట్లాట అన్నీ షిఫ్టును బట్టే నడిచేవి.

పెళ్లయిన ఏడో ఏడు, వానలు మొదలయ్యే రోజుల్లో రమణకు జ్వరం వచ్చి పోనంది. మూడు వారాల్లో ప్యాంటు నడుం మీద నిలవని మనిషి అయినాడు. ఆసుపత్రిలో రకరకాలుగా రక్తం తీసి, చివరికి ఒక మేడం "మీ మిసెస్‌ను కూడా పిలుచుకొని రండి" అన్నదంట. ఆ మాట ఇంటికొచ్చి చెప్పేటప్పుడు ఆయన గోడ వైపు చూస్తూ చెప్పినాడు. నేను చదువుకొన్నదాన్ని, సగం అక్కడే అర్థమైపోయింది.

నా రిపోర్టు వచ్చే రోజు మా అత్త కూడా మాతో వచ్చింది. వరండాలో పొడుగు బెంచీ. నాకూ ఆమెకూ మధ్య ఇద్దరు కూర్చొనేంత ఖాళీ వదిలి కూర్చొంది.

"కాలేజీ చదివింది వద్దురా అంటే విన్నాడా వీడు," అంది ఎదురుగా ఉన్న స్తంభంతో. "నలుగురు మొగోళ్ల మధ్య కూర్చొని చదివింది. యాడ తగిలించుకొన్నాదో."

"అత్తా, సోషల్ పాఠం చెబితే తగులుకొనేది కాదు ఇది," అన్నాను. "ముందు జ్వరమొచ్చింది ఎవరికో, ఆ వరస చూసుకొని మాట్లాడండి."

రమణ ఫ్యానుకేసి చూస్తా కూర్చొన్నాడు. ఇంటికొచ్చినాక నేను ఒకే ఒక్కసారి అడిగినాను, "యాడ తెచ్చుకొన్నావు?" అని. "నాకేం తెలుసు" అన్నాడు. ఆ విషయం మీద మా ఇద్దరి మధ్య జరిగిన సంభాషణ ఇన్నేళ్లకీ అంతే.

మాత్రలు మొదలైన నెల గురించి చెప్పాలంటే కలల గురించి చెప్పాలి. కలలో నేను మనుషుల్ని గనిలోకి దించే ఇనుప కేజులో నిలబడి ఉంటాను. అది కిందికి పోతానే ఉంటుంది, నేల రాదు. పొద్దున లేస్తే నోట్లో ఇనుము నాకినట్టు రుచి. రాగిముద్ద వాసనకే కడుపు తిప్పేది. పుట్టి పెరిగినప్పటినుంచి తిన్న ముద్ద పరాయిదై పోవడం నాకు రిపోర్టు కంటే ఎక్కువ ఏడుపు తెప్పించింది. రెండో నెలకు ఒళ్లు అలవాటుపడింది. బతుకుతాం అనిపించింది.

అప్పుడు చేసినాను ఆ తెలివైన పని. మందులిచ్చే కిటికీ దగ్గర రమణ ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన చెల్లెలు కొత్తగా చేరింది. ఆమెను చూసిన రోజు ఈయన గేటు దాకా పోయి తిరిగొచ్చేసినాడు. మరుసటి వారం కూడా అంతే. డబ్బా ఖాళీ అయింది. నా డబ్బా నిండుగా ఉండింది. ఇద్దరిదీ ఒకే జబ్బు, ఒకే మాత్ర. ఒక రోజు ఆయనకు, ఒక రోజు నాకు అని ఇచ్చుకొంటూ వచ్చినాను. ఆయన ఉద్యోగం పోతే ఇల్లు గడవదు, నేను ఇంట్లో పడుకొన్నా ఫరవాలేదు, అదీ నా లెక్క. పొద్దున ఎనిమిదో తరగతికి సమానత్వం పాఠం చెప్పి, ఇంటికొచ్చి మాత్రలు సమానంగా పంచినాను. ఇట్లా పంచితే ఇద్దరికీ పనిచేయదనీ, వైరస్సు దాన్ని లెక్కచేయకుండా తయారవుతుందనీ మొదటి రోజే మేడం చెప్పింది. విన్నాను. ఆ మాట వేరేవాళ్ల కోసం చెబుతున్నదనుకొన్నాను.

ఎందుకో ఆయన ఒళ్లు తట్టుకొంది. నాది తట్టుకోలేదు. చలికాలానికి దగ్గు పట్టుకొంది, ఊపిరికి పక్కటెముకలు నొచ్చేవి, చీర కుచ్చిళ్లు పెట్టుకొనేసరికి ఆయాసం. టీబీ అన్నారు. నా స్కూలు ఉద్యోగం పోయింది. డాక్టరు చీటీ రాస్తూ "మాత్రలు మధ్యలో మానినారా?" అని అడిగినాడు. పక్కనే రమణ నిలబడి ఉన్నాడు. "మర్చిపోయినాను సార్" అన్నాను. ఆయన నా మందుల పుస్తకంలో అదే రాసుకొన్నాడు. సూపర్‌వైజరు భార్యను, బీఏ చదివినదాన్ని, మతిమరుపు మనిషినని ఆసుపత్రి కాగితంలో ఎక్కినాను.

నాకు వేరే మాత్రలు, వాటితో పాటు టీబీవి. ఆ ఆర్నెల్లు గురువారం గురువారం ఆ బెంచీ మీదే నా బతుకు. గురువారమే ఎందుకంటే ఆడ కౌన్సిలరు ఆ రోజే వచ్చేది. ఆమె కోసం చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లంతా మాత్రలు తీసుకొనే పని ఆ రోజుకే పెట్టుకొనేవాళ్లు. మునిరత్నను నేను అక్కడే చూసినాను. వరండా చివర కాలువలోకి వంగి కక్కుకొంటూ ఉంటే వెనకనుంచి ఒక చెయ్యి నా నుదురు పట్టుకొంది. తర్వాత తన నీళ్ల సీసా మూత తీసి చేతికిచ్చింది. అందులో అంబలి.

"తాగక్కా. ఉప్పేసినా, మజ్జిగేసినా. ఇది నిలబడతాది."

"ఎవరో ఏమో తెలీనిదానికి నీ సీసా నోటికిస్తున్నావే, భయం లేదా?"

"నీకుండేదే నాకుండాది. ఇంగ భయమేంది?"

బేతమంగళ చెరువుకు అవతల వాళ్ల ఊరు. రెండెకరాల మల్బరీ, ఇంటి పక్కనే పట్టుపురుగుల షెడ్డు, పదో తరగతి చదివే కూతురు. మొగుడు శంకరప్ప ఫ్యాక్టరీ బస్సు డ్రైవరు, వాళ్ల ఊరి వైపు నుంచి నరసాపురానికి కూలీలను తోలుకుపోతాడు. ఆయన వల్లే వచ్చిందని ఆమెకూ తెలుసు, ఊరికీ తెలుసు. "దానికేం చేద్దామక్కా," అనేది. "తెచ్చినోడు దినామూ కాళ్లు పట్టుకొంటాడు. పట్టుకోనీ, కాళ్లు నొప్పిగానే ఉండాయి."

ఆ బెంచీ మీద నేను నవ్వడం మళ్లీ నేర్చుకొన్నాను. ఎవరి మొగుడు మాత్రల డబ్బాను ఎక్కడ దాచినాడు, బియ్యం డ్రమ్ములోనా, దేవుడి పటం వెనకనా అని పందేలు. ఒకామె మొగుడు బండి టూల్‌బాక్సులో పెట్టి, మెకానిక్కు ముందు తెరిచి, అవి తన గుర్రానికి విటమిన్లు అన్నాడంట. గుర్రం యాడిదని మెకానిక్కు అడగలేదంట. నేను డాక్టర్లతో, కిటికీ దగ్గర గుమాస్తాలతో పోట్లాడి వచ్చి కూర్చొంటే మునిరత్న నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకొని, "అక్కా, నీ నోటికి భయపడే నీలో వైరస్సు మూల పట్టింది. మాకు మాత్రలెందుకు, నిన్ను ఇంటింటికీ తిప్పితే చాలు" అనేది. ఎవరు సరిగా మింగుతున్నారు, ఎవరు మానేసినారు అన్నది ఆ బెంచీకి డాక్టరు కంటే ముందు తెలిసేది. పక్కన కూర్చొంటే భుజం ఎముక తగిలేది కదా.

టీబీ తగ్గినాక నేను మా జబ్బువాళ్ల సంఘంలో చేరినాను. నెలకొక మీటింగు. మొదటి మీటింగులో చూసినాను, మగవాళ్లకు కుర్చీలు, ఆడవాళ్లకు చాప. అధ్యక్షుడు గోవిందప్ప, తెల్లచొక్కా, మంచిమనిషే. మధ్యాహ్నం భోజనమైనాక, సగం మంది బస్సుకు లేచిపోయేటప్పుడు, "ఇప్పుడు మహిళల సమస్యలు ఐదు నిమిషాలు" అనేవాడు. నేను లేచి, "గోవిందప్పా, ఈ చాప మీద మీకంటే ఎక్కువ మందిమి ఉన్నాం. మా సమస్యలు ఐదు నిమిషాలా, మీవి పూటంతానా?" అన్నాను. వెనకనుంచి ఒకాయన "టీచరమ్మ వచ్చింది, అటెండెన్సు తీసుకొంటాది" అన్నాడు. "తీసుకొంటాను, నీతోనే మొదలు. పోయిన నెల యాడికి పోయినావు?" అన్నాను. చాప మీద ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వినారు.

రెండేళ్లు పోట్లాడినాను. కుర్చీలు వచ్చినాయి. పై కమిటీల్లో ఆడవాళ్లు ఉండాలని ఆర్డరు రావడంతో నన్ను మహిళా ప్రతినిధి అన్నారు. బెంగళూరులో ట్రైనింగులు. బ్యానరు మీద మహిళా నాయకత్వం అని పెద్ద అక్షరాలు, నన్ను మధ్యలో నిలబెట్టి ఫొటో, చేతికొక పూలగుత్తి, తర్వాత "మేడం, టీలు ఆ వైపు కొంచెం అందేలా చూస్తారా" అని. అయినా నేను దాన్ని తక్కువ చేయను. ఏ గదిలో మందుల రూళ్లు తయారవుతాయో ఆ గదిలో జబ్బున్న ఆడది కూర్చోవడం ఉత్త మాట కాదు. అందుకు కొట్లాడినందుకు నాకిప్పటికీ సిగ్గు లేదు. కూర్చొన్నాక నేను చేసినదానికే సిగ్గు.

ఆ ఏడాది మామిడి పూతకొచ్చే రోజుల్లో కమిటీ మీటింగు. ఊళ్లనుంచి జనం మందులకు రావడం కష్టమవుతోంది, కూలి పోతోంది, ఏం చేద్దామని చర్చ. నేను లేచి చెప్పినాను. ఒకే ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ జబ్బు ఉంటే ఇద్దరూ రావడమెందుకు, ఇంటికొకరు వస్తే చాలు, ఇద్దరి పుస్తకాలూ తెచ్చి ఇద్దరివీ తీసుకుపోవచ్చు, పాపం ఆడవాళ్లు పిల్లల్నీ గొడ్లనీ వదిలి ఎండలో రెండు బస్సులు మారి వస్తున్నారు, అన్నాను. బల్ల చుట్టూ తలలూగినాయి. "ఆడవాళ్ల కష్టం ఆడవాళ్లకే తెలుస్తాది" అన్నాడు గోవిందప్ప. వెంటనే ఒప్పుకొన్నారు. ఇంటికి పోయేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చొని నాలో నేను మురిసిపోయినాను.

ఒక్క ఆడదాన్ని కూడా అడగలేదు. నేనే ఆ చాప మీదనుంచి లేచివచ్చినదాన్ని కదా, వాళ్లను అడిగేదేముంది అనుకొన్నాను.

ఇంటికొకరు అంటే ఎవరు? మగవాళ్లు. పుస్తకాలు వాళ్ల చేతికి పోయినాయి. మందులిచ్చే కేంద్రంలో రాసిన ఫోను నంబరూ వాళ్లదే. రెండు నెలల్లో గురువారం బెంచీ పలచబడింది. మొగుడు పోయినవాళ్లు, మొగుడు వదిలేసినవాళ్లు మాత్రం వచ్చేవాళ్లు. నేను దాన్ని చూసి, చూడండి ఆడవాళ్లకు ఎంత తెరిపి దొరికిందో అని రిపోర్టు కూడా రాసినాను.

మునిరత్న రావడం మానింది. ఫోను చేస్తే "పురుగులు నాలుగో జ్వరం లేచినాయక్కా, రేయింబగలు ఆకు వేస్తా ఉండా" అనేది. నాలుగో జ్వరమంటే పట్టుపురుగులు గూడు కట్టే ముందు చివరిసారి పొర విడిచే దశ. ఆ తర్వాత వారం అవి మేసే ఆకుకు లెక్కుండదు. నిజమే అనుకొన్నాను. వేసవి నడుమ సంఘం పని మీద బేతమంగళ పోయినప్పుడు వాళ్లింటికి పోయినాను. షెడ్డులో ఆకు చల్లుతూ ఉండింది. నన్ను చూసి నవ్వింది, బుగ్గలు లోపలికి పోయి పళ్లు పెద్దగా కనిపించినాయి. జాకెట్టు భుజం మీదనుంచి జారుతోంది. పురుగులు ఆకు కొరికే చప్పుడు, సన్నగా వాన పడుతున్నట్టు.

"ఏందే ఇట్లయినావు?"

"ఎండలక్కా. తిండి సయించలేదు."

"మాత్రలు వేసుకొంటా ఉండావా?"

"ఆఁ, వేసుకొంటా ఉండా."

ఆకుల బుట్ట ఎత్తుకొని అటు తిరిగింది. ఆ తిరగడం నాకు తెలుసు. డాక్టరుకు మర్చిపోయినానని చెప్పిన రోజు నేనూ మాత్రల చీటీ మడతపెట్టుకొంటూ అట్లానే తిరిగినాను. నోటిదాకా వచ్చింది, "నీవి శంకరప్పకు ఇస్తున్నావా?" అని. అడిగితే ఆమె అడుగుతుంది, నీకెట్ల తెలుసక్కా అని. అప్పుడు చెప్పాలి. జిల్లాకంతా మాత్రలు మానొద్దని చెప్పి తిరిగే మహిళా ప్రతినిధి తన మాత్రలు మొగుడికి పంచి టీబీ తెచ్చుకొందని చెప్పాలి. "సరే, పోయిన నెలవి తెచ్చుకొన్నారు కదా?" అన్నాను. "తెచ్చినాడక్కా" అంది. ఆమె నాకు కాఫీ చేసిచ్చింది. తాగి బస్సెక్కినాను.

తర్వాత కూడా ఫోన్లో రెండుసార్లు మాట్లాడినాను. రెండుసార్లూ అడగలేదు.

రాగి విత్తే వానలకు ఆమెను ఆసుపత్రిలో చేర్చినారు. తల లోపలికి పాకిన టీబీ. నేను పోయేసరికి కళ్లు వెలుతురుకు తట్టుకోలేక చెంగు కప్పుకొని ఉండింది. శంకరప్ప మందుల చీటీ పట్టుకొని బయటికి పోయినాడు. మాట ముద్దముద్దగా వస్తున్నా తెలివి ఉండింది. అప్పుడు అడిగినాను, ఇంగ ఎవరికీ పనికిరాని పొద్దులో.

ఆమె చెప్పింది, శంకరప్పకు ఆ నాలుగు నెలలూ డబుల్ డ్యూటీ అని. ఆసుపత్రి తెరిచి ఉండే వేళకు ఆయన బస్సులో ఉండేవాడు. రెండు పుస్తకాలూ బస్సులోనే, సీటు కింద. వెళ్లాల్సిన రోజు దాటిపోతే ఆమె తన డబ్బాలోనుంచి నాలుగు, ఐదు తీసి ఆయన డబ్బాలో వేసేది. ఆయన మూత తీసి చూస్తే మాత్రలు ఉండేవి. ఇంకా ఉన్నాయి కదా, వచ్చే వారం పోదాంలే అనుకొనేవాడు. ఆమె నింపే కొద్దీ ఆయన ఆలస్యం చేసినాడు. ఆయన ఆలస్యం చేసే కొద్దీ ఆమె నింపింది.

"నాకొక ఫోను చేసుంటే నేను తెచ్చిచ్చేదాన్ని కదే," అన్నాను.

"నువ్వే కదక్కా మాకోసం ఆ రూలు పెట్టించింది. మాకు సుఖంగా ఉండాలని. ఆయన పోలేదని ఎట్ల చెప్పేది నీకు?" కాసేపు ఊపిరి తీసుకొంది. "ఆయనకు చెప్పొద్దక్కా. తెలిస్తే ఇంగ మింగడు. పాపకు ఒకరన్నా ఉండాల."

చెప్పనని చేతిలో చెయ్యేసినాను. తొమ్మిదో రోజు పోయింది. శవం దగ్గర వాళ్లత్త ఏడుస్తూ, "బంగారంటి మాత్రలు తెచ్చిస్తే మింగకుండా నిర్లక్ష్యం చేసిందమ్మా" అంటూ ఉండింది. శంకరప్పకు అదే అర్థం కాలేదు, తను తింటున్న మాత్రలే కదా ఆమె తిన్నది, ఆమెకెందుకు ఇట్లయిందని.

ఆ నెల సంఘం మీటింగుకు ముందు రోజు రమణతో చెప్పినాను. "రేపు మన సంగతి చెబుతాను. పంచుకొన్న సంగతి."

ముద్ద తింటూ ఆగినాడు. "నా పేరు ఎత్తుతావా?"

"నా మొగుడు అన్నాక వేరే పేరు ఎత్తాలా?"

చెయ్యి కడుక్కొని వచ్చి, "అయితే నేనూ వస్తా. వెనక మాట్లాడుకొంటే యాడో ఉండి వినేదెందుకు" అన్నాడు.

మీటింగులో గోవిందప్ప ఆ నెల పోయినవాళ్ల పేర్లు చదివినాడు. ఒక్కో పేరు పక్కన కారణం కూడా చదవడం మా సంఘంలో వాడుక, మిగతావాళ్లు జాగ్రత్తపడతారని. "మునిరత్న. మాత్రల విషయంలో నిర్లక్ష్యం." రెండు నిమిషాలు నిలబడదాం అన్నాడు. వెనక వరసలో శంకరప్ప లేచి నిలబడినాడు, డ్రైవరు ఖాకీలోనే వచ్చినాడు.

అందరూ కూర్చొన్నా నేను కూర్చోలేదు.

"ఆమె నిర్లక్ష్యం చేయలేదు," అన్నాను.

"మందుల కేంద్రంనుంచి వచ్చిన కాగితమమ్మా ఇది. నేను రాసింది కాదు."

"కాగితం సంగతి నాకు తెలుసు. నా పుస్తకంలో మరుపు అని రాసి ఉంది. నేను మర్చిపోలేదు గోవిందప్పా. నా మాత్రలు ఒక రోజు విడిచి ఒక రోజు నా మొగుడికి పెట్టినాను. డాక్టరు అడిగితే అబద్ధం చెప్పినాను. ఇన్నేళ్లూ మీ అందరికీ మాత్రలు మానొద్దని పాఠాలు చెప్పినాను కానీ, ఆడవాళ్లు ఎందుకు మానుతారో ఒక్కసారీ చెప్పలేదు. నాకు తెలిసి కూడా చెప్పలేదు. పైగా ఇంటికొకరు వస్తే చాలని చెప్పి, వాళ్ల పుస్తకాలు వాళ్ల చేతుల్లోనుంచి నేనే లాగేసినాను."

ఎవరూ టీచరమ్మ అని వెక్కిరించలేదు. రమణ మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని నేలకేసి చూస్తున్నాడు, కానీ లేచిపోలేదు. మూడో వరసలో ఒకామె కొంగుతో ముఖం మొత్తం కప్పుకొంది. "మరి మునిరత్న సంగతి?" అని ఎవరో అడిగినారు. "ఆమె ఎందుకు మానిందో నాకు తెలుసు. చెప్పనని మాటిచ్చినాను, చెప్పను" అన్నాను.

చెప్పను అనడం కంటే పెద్దగా చెప్పడం ఉండదని నాకు నోరు మూసినాకే తెలిసింది.

బయట పంపు దగ్గర శంకరప్ప నిలబడి ఉన్నాడు. "అక్కా," అన్నాడు, "నా డబ్బాలో అయిపోకుండా ఉండినాయి. నేను బస్సు హడావుడిలో లెక్క తప్పినానని అనుకొన్నా. అవి ఆమెవా?"

ప్రతి మాటకూ జవాబు చెప్పే నోరు నాది. నేను ఆయన ముఖం కూడా చూడలేకపోయినాను. ఆయన పంపు కొట్టి, ముఖం కడుక్కొని, మళ్లీ కొట్టి, మళ్లీ కడుక్కొన్నాడు. చొక్కా ముందంతా తడిసిపోయింది.

రూలు మార్చడానికి మూడు మీటింగులు పట్టినాయి. పెట్టేటప్పుడు ఒక్క పూటలో పెట్టిన రూలు. ఇప్పుడు ఎవరి పుస్తకం వాళ్ల దగ్గరే ఉండాలి. ఎవరి మాత్రలు వాళ్ల చేతికే ఇవ్వాలి. రాలేని ఆడవాళ్ల ఊరికి మేమే ఇద్దరు ఆడవాళ్లం తీసుకుపోతాం. ఈసారి కమిటీకి చెప్పే ముందు పదకొండు ఊళ్లు తిరిగి ఆడవాళ్లను అడిగినాను. సగం మంది నాతో మాట్లాడలేదు, అది కూడా న్యాయమే. శంకరప్ప మాత్రలు మానేస్తాడేమోనని మొదట్లో వారానికి మూడుసార్లు ఫోను చేసేదాన్ని. "మింగుతా ఉండానక్కా. ఒక్కోటి మింగేటప్పుడు గొంతులో నిలబడతాది. అయినా మింగుతా ఉండా" అనేవాడు.

ఇది చదివే చెల్లెళ్లకు ఒక్కటే చెబుతాను. మీ డబ్బాలోవి తీసి ఆయన డబ్బాలో వేస్తున్నట్టయితే, అది ప్రేమ కాదని నేను అనను. మునిరత్నది ప్రేమే. కానీ దాంతో ఆయన బతకడు, మీరూ బతకరు. ఎవరికైనా చెప్పండి. నాలాంటి ఒకతె మీ ఎదురుగా కూర్చొని అడగకుండా కాఫీ తాగుతూ ఉన్నా, మీరే చెప్పండి.

పోయిన గురువారం శంకరప్ప ఆమె పుస్తకం తిరిగి ఇవ్వడానికి కేంద్రానికి వచ్చినాడు. పోయినవాళ్ల పుస్తకాలు వెనక్కి ఇచ్చేయాలి. నేను తోడుగా నిలబడినాను. కిటికీ అవతల ఉన్న అమ్మాయి పుస్తకం తిప్పి చూసి, కంప్యూటరులో ఏదో కొట్టి, "సరే అన్నా, క్లోజ్ చేసేసినా" అంది.

"అమ్మా, అందులో కారణం ఏమని ఉండాది?" అన్నాడు.

"నిర్లక్ష్యం అని ఉంది అన్నా. ముందే ఎక్కిపోయింది."

"అది తీసేయమ్మా. మొగుడికి ఇచ్చింది అని రాయి."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. "అట్లాంటి గడి లేదు అన్నా ఇందులో. మరుపు, నిర్లక్ష్యం, ఊరు మారినారు, దుష్ఫలితాలు, ఇవే ఉండాయి. ఏదో ఒకటి నొక్కితేనే ముందుకు పోతాది."

వెనక వరస పెరుగుతోంది. ఎవరో దగ్గినారు. శంకరప్ప కిటికీ పట్టుకొని అట్లానే నిలబడినాడు. "గడి లేకపోతే పుస్తకంలో రాయి. పక్కన ఖాళీ ఉండాది కదా."

"నేను రాయగూడదు అన్నా."

"నేను రాస్తా. నాకు రాయను వస్తాది."

ఆమె పుస్తకాన్ని కిటికీలోంచి బయటికి జరిపింది. పెన్ను కూడా ఇచ్చింది. ఆయన గోడకు ఆనించి, ఒక్కో అక్షరం దిద్దుకొంటూ రాసినాడు. ఒక చోట కొట్టేసి మళ్లీ రాసినాడు. కింద సంతకం పెట్టి, దాని పక్కన డ్రైవరు అని కూడా రాసి, తిరిగి ఇచ్చినాడు. ఆ అమ్మాయి చదివి, పుస్తకాన్ని మిగతావాటి కింద పెట్టకుండా పైన పెట్టింది.